పాత ల్యాప్‌టాప్‌లో ఎండ

క్రేన్ల యార్డు, ఆడవాళ్ళ గది
జనవరి 9

ఒరేయ్ అల్లుడూ,

కవరు చూసి కంగారు పడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేయొచ్చుగా అంటావు. నీకు ఫోన్ చేస్తే ఒక చేత్తో ఎవరి కంప్యూటరో విప్పుతూ "ఊఁ అత్తా, ఊఁ" అంటావు. పెట్టేశాక నేనేం చెప్పానో నీకు గుర్తుండదు. కాగితం మీద రాస్తే చచ్చినట్టు చదువుతావు. మా యార్డులో కూడా కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క.

నాకు ఒక ల్యాప్‌టాప్ కావాలి. ఆటలాడే రకం. నవ్వింది చాలు, ఇక చదువు.

ఈ గదిలో నా అలమర లోపలి వెడల్పు టేపు పెట్టి కొలిచాను, పదమూడున్నర అంగుళాలు. అందులో పట్టాలి, తాళం పడాలి. ఖరీదు నా రెండు నెలల జీతం దాటకూడదు. దాటితే మూడో నెల నేనూ మీ మామయ్యా గాలి భోంచేయాలి. ఈ కవర్లో పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టాను. దాంట్లో ఉన్నది ఆగకుండా నడిస్తే చాలు, ఇంకే ఆటా నాకక్కర్లేదు.

ఎందుకని అడగకు. మీ నాన్నకు చెప్పకు. మా అన్నయ్య చెవిన పడితే ఊరంతా చాటింపే.

నీ అత్త


రిపేరు షాపు, మెట్ల కింది గది
జనవరి 17

అత్తకు,

నవ్వలేదు, ఒట్టు. సరే, కొంచెం నవ్వాను. పెన్‌డ్రైవ్‌ని షాపులోని పెద్ద కంప్యూటరుకు పెట్టాక ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

తెర మీద నీ క్రేన్ క్యాబిన్ వచ్చింది. కాళ్ళ కింద అద్దం. ఆ అద్దం కింద నలభై మీటర్ల ఖాళీ, దాని అడుగున అగ్గిపెట్టెల్లాంటి లారీలు. కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే బల్ల అంచు గట్టిగా పట్టేసుకున్నాను. రిపేరుకొచ్చిన టీచరమ్మ "ఏమయింది బాబూ, కరెంటు కొట్టిందా?" అంది. అత్తా, నిజం చెప్పు, ఇరవై నాలుగేళ్ళుగా నువ్వు కూర్చుంటున్నది అక్కడేనా? చిన్నప్పుడు "అత్త ఓడరేవులో పని" అంటే ఏదో గుమాస్తా పని అనుకునేవాణ్ణి. సిగ్గేసింది.

సరే, నీ బేరానికి వస్తా. చిన్నవి రెండు దొరికాయి. రెండూ కొలిచాను, నీ అలమరలో పడతాయి.

ఒకటి నాలుగేళ్ళ పాతది. యానిమేషన్ పనిచేసే ఒకాయన వాడి అమ్మేశాడు. కొత్తలో దాన్ని కొనాలంటే నీ ఐదు నెలల జీతం పోయాల్సి వచ్చేది. గ్రాఫిక్స్ కార్డు, అంటే తెర మీద బొమ్మ గీసే భాగం, ఇప్పటికీ గట్టిదే. కానీ వేడెక్కుతుంది. ఫ్యాన్ తిరిగితే పక్క గదికి వినపడుతుంది. బ్యాటరీ గంట కూడా నిలవదు. ఒక మూల సొట్ట. నువ్వన్న డబ్బులో హాయిగా వస్తుంది.

రెండోది పోయిన సంవత్సరంది, సీలు కూడా తియ్యలేదు. చడీచప్పుడు ఉండదు, ఆరు గంటలు నడుస్తుంది, తేలిక. కార్డు కొత్త రకం కనుక బరువైన బొమ్మనైనా తడబడకుండా గీస్తుంది. కాకపోతే మెమొరీని బోర్డుకే అతికించేశారు, రేపు చాలకపోతే నేను చేయగలిగిందేమీ లేదు. ఖరీదు నీ గీత దాటి ఇంకో పదిహేను రోజుల జీతం అడుగుతోంది. ఆ తేడా నేను వేస్తానంటే నువ్వు ఒప్పుకోవని తెలుసు, అయినా అంటున్నాను.

ఒక్క మాట. పొద్దంతా క్రేన్ నడిపి, మళ్ళీ క్రేన్ ఆటేమిటి? ఎందుకని అడగకన్నావు, అడుగుతున్నాను.

నీ అల్లుడు


ఆడవాళ్ళ గది
జనవరి 24

ఒరేయ్ అల్లుడూ,

అడగొద్దన్నది అడగడం మీ నాన్న పోలికే.

ఇకమీదట పైన క్యాబిన్లలో మనుషులుండరు. కింద ఒక చల్లటి గది కట్టారు. అందులో కూర్చుని తెరలు చూస్తూ క్రేన్లు నడపాలట. మేం తొమ్మిదిమందిమి, ఆ గదిలో కుర్చీలు నాలుగు. ఏప్రిల్ 20న పరీక్ష, నువ్వు చూశావే, మా అందరికీ ఇచ్చిన ఆ బొమ్మ క్రేన్ మీదే. పెట్టెను ఎంత మెత్తగా దింపితే అన్ని మార్కులు. నెగ్గిన నలుగురికి కుర్చీలు. మిగతావాళ్ళు గేటు దగ్గర కూర్చుని లారీల చీటీలు చూసుకోవాలి. జీతం తగ్గదంటున్నారు, అదేదో మాకు మేలు చేసినట్టు.

నాకీ పని కావాలిరా. ముప్పై టన్నుల పెట్టెను ఓడలోంచి లేపి, లారీ మీద నాలుగు మేకుల మధ్య కూర్చోబెట్టడం తప్ప నాకింకేమీ రాదు. నేర్చుకోమంటే నేర్చుకుంటాను, కానీ ఇంకేదీ నాకొద్దు. తొమ్మిదిమందిలో ఆడదాన్ని నేనొక్కతెను. ఆడవాళ్ళ గది మొత్తం నాదే, విరామంలో తలుపేసుకుని అభ్యాసం చేస్తే అడిగేవాడు లేడు.

పాతదే పంపు. కొత్త క్రేన్ వచ్చిన మొదటి సంవత్సరం మాలో ఎవరూ దాన్ని నమ్మం. నడిచి నలిగినదైతే ఎక్కడ మూలుగుతుందో ముందే తెలుస్తుంది. నీ పదిహేను రోజుల జీతం నీ దగ్గరే ఉంచుకుని, ముందు ఆ షాపుకో కిటికీ పెట్టించు.

నీ అత్త


మెట్ల కింది గది
ఫిబ్రవరి 6

అత్తకు,

పార్సిల్లో ల్యాప్‌టాప్, ఛార్జరు, రెండు చేతులకూ రెండు చిన్న లీవర్లు. విప్పి దుమ్ము దులిపాను, వేడి లాగే పేస్టు కొత్తది పూశాను. నీ క్రేన్ ప్రోగ్రాం దీని వయసుకి కాస్త బరువే, మొదట్లో నత్తలా నడిచింది. కొన్ని సర్దుబాట్లు చేశాను, ఇప్పుడు గుర్రంలా పరుగెడుతోంది. ఆ సర్దుబాట్ల గొడవ నీకెందుకులే, నువ్వు కూర్చుని నడుపు.

తొమ్మిదిమందిలో నాలుగు కుర్చీలంటే ఇక్కడ నాకే కంగారుగా ఉంది. నీకెలా ఉందో.

నీ అల్లుడు


ఆడవాళ్ళ గది
ఫిబ్రవరి 14

ఒరేయ్,

వచ్చింది. అలమరలో కొలిచి చేయించినట్టు పట్టింది. మూత తెరిచి మీట నొక్కాను. ముక్కున వేలేసుకోవడమంటే ఏమిటో ఇన్నాళ్ళకు తెలిసింది నాకు. నా సముద్రం, నా మూడో నంబరు క్రేన్, ఓడ మీద వరసలు వరసలుగా పెట్టెలు, గాలికి ఊగే తాళ్ళు, అన్నీ ఉన్నాయి. నా తిండి డబ్బా కంటే పల్చగా ఉన్నదాంట్లోకి రేవంతటినీ ఎలా కుక్కారురా? నువ్వు రోజూ ఇలాంటివి పది విప్పి పది మూస్తావా? నీ చేతులకు దణ్ణం పెట్టాలి.

ఫ్యాన్ మాత్రం రంకెలేస్తోంది. గోడ అవతలి మగవాళ్ళు నేను లోపల జుట్టు ఆరబెట్టుకుంటున్నానని అనుకుంటున్నారు. అనుకోనీ.

నీ అత్త


ఆడవాళ్ళ గది
మార్చి 11

అల్లుడికి,

ఈమధ్య నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ అందాయి. ల్యాప్‌టాప్ బాగానే ఉంది. అభ్యాసం నడుస్తోంది. ఆరోగ్యం జాగ్రత్త.

అత్త


మెట్ల కింది గది
మార్చి 16

అత్తా,

నాలుగు ముక్కల్లో ఉత్తరం ముగించే మనిషివి కావు నువ్వు. పైగా "ఒరేయ్" లేదు. ఏం జరిగింది? ల్యాప్‌టాప్ ఆగిపోతోందా? వేడెక్కుతోందా? నా పని బాగోలేకపోతే మొహం మీదే తిట్టు, మొహమాటపడకు. నువ్వు తిట్టకపోతేనే నాకు భయం.

నీ అల్లుడు


ఆడవాళ్ళ గది
మార్చి 21

ఒరేయ్ అల్లుడూ,

నీ పనికి వంక లేదు. వంక నాలోనే ఉంది. నెలరోజులుగా దాచాను, ఇక దాచలేను.

నాకు దింపడం రావడం లేదు. రోజుకు నలభై పెట్టెలు దింపితే ముప్పై పైగా ధన్‌మని కొడుతున్నాను. తెరంతా ఎర్రటి అంకెలు. పైకెక్కి నిజం క్రేన్ నడిపితే పువ్వు దింపినట్టు దింపుతాను. కిందికొచ్చి ఈ గదిలో కూర్చుంటే నిన్న చేరినవాడికన్నా కనాకష్టం. మాలో గడ్డమాయన ఉన్నాడు, నాకన్నా పదేళ్ళు చిన్న. ఇంట్లో పెద్ద కంప్యూటర్లో అభ్యాసం చేస్తున్నాడట. తొంభై మార్కులొస్తున్నాయని చెప్పుకుంటున్నాడు. కాబట్టి తప్పు ఆ బొమ్మది కాదు, నాదే.

కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళాను. "నా కళ్ళకంటే బాగున్నాయమ్మా" అన్నాడు. ఇంకో పిచ్చిపని చెప్తాను, ఎవరితోనూ అనకు. పైన క్యాబిన్లో దారానికి ఒక నట్టు కట్టుకుని ఉంటాను, ఊపు ఎటుందో చూసుకోవడానికి. ఇక్కడా ల్యాప్‌టాప్ తెర పైనుంచి ఒకటి వేలాడదీశాను. తెరలో పెట్టె ఊయలలా ఊగుతోంది, నా నట్టు మాత్రం గడకర్రలా నిలబడి ఉంది. వారం రోజులు దాన్నే చూస్తూ నడిపాను. వారం తర్వాత వెలిగింది, బల్ల మీద నట్టు ఎందుకు ఊగుతుందని. నాలో నేనే నవ్వుకున్నాను, ఆ తర్వాత ఏడుపొచ్చింది.

అడగాలనుకున్నది ఒకటుంది. ఆ లోకంలో సూర్యుడు ఎక్కడుంటాడు? అంతా వెలుతురే, ఎండ మాత్రం లేదు. నలభై మీటర్ల పైనుంచి చూస్తే పెట్టె పైకప్పు ఒక్కటే కనిపిస్తుంది, నేలకు ఎంత ఎత్తులో ఉందో కంటికి ఆనదు. మేం చూసేది దాని నీడని. పెట్టె ఎత్తులో ఉన్నప్పుడు నీడ ఎక్కడో దూరంగా పడుతుంది. దిగేకొద్దీ నీడ పరుగెత్తుకుంటూ దగ్గరికొస్తుంది. రెండూ ఒకదాన్నొకటి తాకే క్షణాన చెయ్యి ఆపితే చాలు, అదే దింపడం. ఇది ఎవరూ నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. ఈ కొత్త లోకంలో నీడలుండవు కాబోలు. గడ్డమాయన కుర్రవాడు, లేకుండానే నేర్చుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళ సీనియర్ని, నీడ లేకుండా ఎలా దింపాలని వెళ్ళి అతన్నెలా అడగను?

పరీక్ష నుంచి తప్పుకునేవాళ్ళు ఈ నెలాఖరులోగా రాసివ్వాలి. నా అర్జీ చిత్తుప్రతి ఇందులో పెట్టాను. భాష సరిదిద్ది పంపు. "స్వచ్ఛందంగా" అన్న మాట బాగుందా, తీసేయనా?

నీ అత్త


మెట్ల కింది గది
మార్చి 25

అత్తా,

అర్జీ నా దగ్గరే ఉంది. తిరిగి పంపను. ఇంకోటి రాశావంటే రైలెక్కి వచ్చి చించేస్తాను.

సూర్యుణ్ణి ఆర్పింది నేనే.

మా పనిలో అదొక అలవాటు. ఎవరైనా పాత మెషీన్ తెచ్చి ఆట నత్తలా నడుస్తోందంటే, మేం మొట్టమొదట తీసేసేది నీడల్ని. నీడలు గీయడానికి కార్డు చచ్చేంత కష్టపడుతుంది, ఆడేవాళ్ళేమో వాటిని చూడనే చూడరు. తీసేస్తే ఏ ఆటైనా లేచి పరుగెడుతుంది. ఎనిమిదేళ్ళుగా వచ్చిన ప్రతి మెషీన్‌కూ కళ్ళు మూసుకుని అదే చేస్తున్నాను. నీదానికీ అదే చేశాను, చేసి "ఆ గొడవ నీకెందుకులే" అని రాశాను. నా చెంప మీద నేనే కొట్టుకున్నాను. నిజంగానే కొట్టుకున్నాను, టీచరమ్మ చూసింది.

నీ ఉత్తరం చదివి షాపుకి తాళం వేసి మేడ మీదికి వెళ్ళాను. ఒక అట్టపెట్టెకు తాడు కట్టి వీధిలోకి దింపాను. నువ్వు చెప్పినట్టే జరిగింది అత్తా. నీడ అవతలి గోడ దగ్గరెక్కడో పుట్టింది. నేను తాడు వదిలేకొద్దీ రోడ్డు మీదుగా జారుకుంటూ వచ్చి పెట్టె అడుగున దూరింది. పదిసార్లు దింపాను. కింద జనం తలలెత్తి చూస్తున్నారు, పైనుంచి ఏదో పంచిపెడుతున్నారనుకుని ఇద్దరు వరసలో కూడా నిలబడ్డారు. ముప్పై ఏళ్ళుగా నీడల మధ్య తిరుగుతున్నాను, ఒక్కసారి కూడా ఇది చూడలేదు. మరి మిట్టమధ్యాహ్నం, నీడ నేరుగా కింద ఉన్నప్పుడు ఏం చేస్తారు?

ఇప్పుడు మార్గాలు రెండు. ఆ కొత్త ల్యాప్‌టాప్ ఇంకా అమ్ముడుపోలేదు. అది నీడలతో సహా అన్నీ గీయగలదు, పాతది వెనక్కిచ్చి పట్టుకొస్తాను, తేడా నాది. తప్పు నాది కనుక ఈసారి నోరెత్తకు. రెండో మార్గం, నీ పాతదాంతోనే. అది అన్నీ మోయలేదు, నీడలొక్కటే మోయగలదు. అంటే మిగతావన్నీ తీసేయాలి. సెట్టింగుల పేజీలో నీళ్ళు, ఆకాశం, మనుషులు, మెరుపులు, అన్నిటినీ అట్టడుగుకి లాగు. "నీడలు" అన్నదాన్ని మాత్రం చివరి దాకా పైకి లాగు. లోకం అసహ్యంగా తయారవుతుంది, భయపడకు.

పరీక్ష గదిలో పెద్ద కంప్యూటర్లుంటాయి, అక్కడ నీడలు తప్పకుండా ఉంటాయి. గడ్డమాయనకు ఉన్నట్టే. అతను నీకంటే ఏమీ ఎక్కువ నేర్చుకోలేదు.

క్షమించమని అడగడానికి మాటలు చాలడం లేదు.

నీ అల్లుడు


ఆడవాళ్ళ గది
ఏప్రిల్ 1

ఒరేయ్ అల్లుడూ,

నిన్న సాయంత్రం నాలుగింటికి గడువు దాటిపోయింది. నేను అర్జీ ఇవ్వలేదు.

కొత్తది వద్దు. దాన్ని మచ్చిక చేసుకునేసరికి పరీక్ష నెత్తి మీదికొస్తుంది. నువ్వు చెప్పినట్టే ఒక్కొక్కటీ కిందికి లాగాను. లాగుతుంటే లోకం నా కళ్ళెదుటే పాడైపోయింది. సముద్రం నీలం రంగు దుప్పటి అయింది. ఓడ అట్టముక్కలా ఉంది. లారీ డ్రైవర్లకు మొహాల్లేవు. మా ఫోర్‌మన్‌కి మొహం లేకపోవడం మాత్రం ఒకందుకు బాగానే ఉంది.

తర్వాత నీడల్ని పైకి లాగాను.

ఎలా చెప్పనురా! ఎండ వచ్చింది. ఆ అట్టముక్కల లోకం మీద, ఎక్కణ్ణుంచో, పక్కవాటుగా ఎండ పడింది. క్రేన్ కాళ్ళ నీడలు రేవు మీద బారుగా పరుచుకున్నాయి. పెట్టె లేపగానే దాని నీడ ఓడ అంచు మీద విరిగి, నేల మీదికి దూకి, నా కోసం నిలబడింది. లీవర్లు వదిలేసి ఊరికే చూస్తూ కూర్చున్నాను. తర్వాత దింపాను. చప్పుడు లేదు. ఇంకోటి దింపాను, లేదు. నలభైలో ముప్పై తొమ్మిది పచ్చ అంకెలు. ఆ ఒక్కటీ ఎందుకు పోయిందంటే, కళ్ళు చెమర్చి తెర కనపడలేదు.

నీ తప్పుకి నిన్ను తిట్టాలని కూర్చున్నాను, తిట్టు రాలేదు. నాకే తెలియనిది ఒకటి తెలిసింది. నా పనంతా దేని మీద నిలబడి ఉందో, అది పోయేదాకా నేనూ మాటల్లో పెట్టలేదు.

మధ్యాహ్నం సంగతి అడిగావు. అప్పుడు నీడ అంచుని చూస్తాం. పెట్టె ఎత్తులో ఉంటే అంచు మసగ్గా ఉంటుంది, నేల దగ్గరపడేకొద్దీ కత్తిరించినట్టు పదునెక్కుతుంది. నీ అట్టపెట్టెతో చూసుకో. జనానికి ముందే చెప్పు, ఏమీ పంచడం లేదని.

నీ అత్త


ఆడవాళ్ళ గది
ఏప్రిల్ 24

ఒరేయ్,

నాలుగు కుర్చీలు. మూడోది నాది.

గడ్డమాయనకూ వచ్చింది. నాకంటే రెండు మార్కులు తక్కువ, ఈ ముక్క మీ నాన్నతో కూడా చెప్పుకో. మే 10 పొద్దున నా మొదటి షిఫ్టు. బయటివాళ్ళను లారీల వరస దాకా రానిస్తారట. నువ్వు రావాలి.

నీ అత్త


మెట్ల కింది గది
మే 12

అత్తా,

నిన్న ఇంటికి చేరాను. నువ్వు నీ గదిలో తెర చూస్తున్నావు, నేను బయట ఫోర్‌మన్ పక్కన పసుపు గీత వెనక నిల్చున్నాను. కాబట్టి నీకు కనిపించనిది ఒకటి నాకు కనిపించింది. అది అక్కడ చెప్పకుండానే వచ్చేశాను, అందుకే రాస్తున్నాను.

ముందు రెండో నంబరు క్రేన్ కింద చూశాను. పెట్టె దిగిన ప్రతిసారీ ధన్‌మని చప్పుడు, లారీ ఒక్క గెంతు గెంతేది. డ్రైవర్లు ముందే స్టీరింగు పట్టుకుని, పళ్ళు బిగించి కూర్చునేవాళ్ళు. ఆ పెట్టెల బరువు నాకు అక్కడ అర్థమైంది. ఒక్కోటి పడితే నా బూట్ల కింద నేల అదిరేది.

తర్వాత మూడో నంబరు కింద నీ మొదటి లారీ ఆగింది. నీ పెట్టె ఓడ మీంచి లేచి, ఎండలోకొచ్చి, దిగడం మొదలుపెట్టింది. తల తిప్పకుండా చూస్తూనే ఉన్నాను, అయినా అది ఎప్పుడు ఆనిందో నాకు తెలియలేదు. కొక్కేలు విడిపోయి తాళ్ళు పైకి వెళ్తుంటే తెలిసింది.

లారీ కదల్లేదు. నువ్వు మైకులో "వెళ్ళు నాయనా, పెట్టేశాను" అన్నావు, గుర్తుందా? లారీ ఎందుకు ఆగిందో నీకు తెలియదు. ఆ డ్రైవరు నీకంటే పెద్దాయన, తల నెరిసింది. ఆయన ఇంకా స్టీరింగు పట్టుకుని, పళ్ళు బిగించి, దెబ్బ కోసం ఎదురుచూస్తున్నాడు.

నీ మాట విని కిటికీలోంచి వెనక్కి చూశాడు. నమ్మలేదు. దిగి వెనక్కి నడిచి వెళ్ళి, పెట్టె మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత తలెత్తి ఆ ఖాళీ క్యాబిన్ వైపు చూసి, గీత వెనకున్న నన్ను అడిగాడు.

"పైన ఎవరు బాబూ?"

"మా అత్త" అన్నాను.

నీ అల్లుడు